గాలిపటాల దిబ్బ

సియాటిల్‌లో లేక్ యూనియన్ ఒడ్డున ఒక పచ్చని దిబ్బ ఉన్నది. ఎండ కాసిన ఆదివారాలలో పిల్లలు దానిమీద గాలిపటాలు ఎగరవేస్తారు. పక్కనే తుప్పు పట్టిన బురుజులు, గొట్టాలు. పేరు గ్యాస్ వర్క్స్ పార్క్. 1906 నుండి 1956 వరకు అక్కడ మొదట బొగ్గుతో, తరువాత నూనెతో గ్యాస్ తయారుచేశారు. మిగిలిన తారు మట్టిలోకి ఇంకింది.

1970లో ఆ స్థలాన్ని తీర్చిదిద్దే పని రిచర్డ్ హాగ్ అనే ఉద్యానశిల్పి చేతికి వచ్చింది. ఆయన మట్టినంతటినీ తవ్వి పారబోయించలేదు. మురుగునీటి శుద్ధిలో మిగిలిన మడ్డినీ, రంపపు పొట్టునూ కలిపి దున్నించాడు. నూనెను తిని బ్రతికే సూక్ష్మజీవులకు అది మేత. శిథిలాలను పోగుచేసి పైన మంచి మట్టి కప్పితే ఈ దిబ్బ అయింది. 1975లో పార్కు తెరిచారు.

పెంట తోలి దున్నే ఇంట పుట్టినవాణ్ణి. ఆ వైద్యం నాకు వింతగా తోచలేదు. మా మడి పటాన్‌చెరు దిగువన, నక్కవాగు ఒడ్డున ఉన్నది. నా చిన్నతనంలోనే వాగు నీరు రంగు మారి నురగలు కక్కింది. ఆ నీరు పారిన వరి గింజ పట్టలేదు. ఆ ప్రాంతంలో శుద్ధిచేసి వదిలిన ఔషధ వ్యర్థజలంలో సిప్రోఫ్లాక్సాసిన్, ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికన్న ఎక్కువ గాఢతలో ఉన్నదని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. అది చదివినపుడు నాకు హాగ్ గుర్తుకు వచ్చాడు. ఆయన నేలకు వైద్యం చేసినవి సూక్ష్మజీవులు. మా వాగులో కలిసినది వాటినే చంపే మందు. చావనివాటిని మొండివిగా మార్చే మందు.

మొన్న ఆ దిబ్బమీద నిలబడి నాన్నకు ఫోనులో ఇదంతా చెప్పాను. ఓపికగా విని ఒక్కటే అడిగాడు.

"ఆ మట్టిల వరి పెడితే తింటవా, బిడ్డా?"

అబద్ధమాడలేకపోయాను. 1984లో పరీక్షలలో కాలుష్యం బయటపడి పార్కును కొంతకాలం మూసివేశారు. సరస్సు అడుగున విషం ఇంకా ఉన్నది. నీటిలో దిగరాదని బోర్డులు ఉన్నాయి.

"తినను నాన్నా. గడ్డి మొలిచింది, పక్షులు వచ్చాయి. అంతవరకే."

కాసేపు మాటలేదు.

"అయితే సగం నయమైందన్నట్టు. మన మడికి ఆ సగమన్న ఎప్పుడొస్తదో" అన్నాడు.

తలపైన ఎవరిదో గాలిపటం దారం తెగి సరస్సు మీదికి కొట్టుకుపోయింది. దానికోసం ఒడ్డుకు పరుగెత్తిన పిల్లవాణ్ణి వాళ్ళమ్మ బోర్డు దగ్గరే పట్టుకుని ఆపింది.