టర్బో మార్చే ముందు పొగ పెట్టి చూడండి

పోస్టు కొంచెం పొడుగ్గా ఉంటది, తీరిక చూసుకుని చదవండి. మన గ్రూపులో ఎక్కువగా నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పుల గురించి రాసుకుంటాం. ఈసారి నేను ఒక బండి గురించి రాస్తున్నా. మన వాళ్లలో ఆటో, ట్రాలీ, పికప్ కిస్తీల మీద తీసుకున్నోళ్లు ఉన్నారు. వాళ్ల గుండెలు జారిపోయే మాట ఒకటుంది: "టర్బో పోయింది." ఆ మాట విన్న వెంటనే అప్పు కోసం పరుగెత్తకుండా ముందు ఏం చూసుకోవాలో చెబుదామనే ఇది రాస్తున్నా.

నేను యానాదుల పిల్లోణ్ణి. మాది చీరాల దగ్గర వాడరేవు పక్కన చిన్న సంఘం. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ మెకానికల్ రెండో సంవత్సరంలో చేరా. హాస్టల్లో ఉంటా. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కింది నేనే మొదలు.

మా చిన్నాన్నకి సెకండ్‌హ్యాండ్ డీజిల్ పికప్ ఉంది. తెల్లారుజామున రేవుకి పడవలు రాగానే చేపల్ని ఐసు పెట్టెల్లో సర్ది చీరాల, చిలకలూరిపేట, గుంటూరు వైపు తోలతాడు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం కదా, ఆ రోజుల్లో దొరికితే మిరపకాయ టిక్కీల కిరాయికి వెళ్తాడు. ఆ ఒక్క బండి మీద మూడు కుటుంబాలు బతుకుతున్నాయి.

సంక్రాంతి సెలవులకి నేను ఇంటికెళ్లేసరికి బండి మూలన పడేసి ఉంది. ఖాళీగా అయితే బాగానే పోతంది. లోడు వేస్తే 45 దాటదు. ఫ్లైఓవర్ ఎక్కాలంటే సెకండ్ గేరు. వెనకాల నల్లగా పొగ. చేపలు గంట లేటుగా చేరితే రేటు ఎట్టా పడిపోద్దో మీకు తెలిసిందే. ఒక షెడ్డులో చూపిస్తే ఇంజిన్ మీద చెయ్యి కూడా వెయ్యకుండా "టర్బో పోయింది, 38 వేలు అవుద్ది" అన్నారంట. అప్పటికే రెండు కిస్తీలు ఆగి ఉన్నాయి. మూడోది ఆగితే బండి లాక్కుపోతామని ఫైనాన్స్ వాళ్లు చెప్పి వెళ్లారు. "నువ్వు చదివేది ఇదే కదరా, ఒకసారి చూడు" అన్నాడు చిన్నాన్న.

ముందు టర్బో చేసే పని ఏందో చెప్తా. ఇంజిన్‌లో డీజిల్ కాలాలంటే గాలి కావాలి. మామూలు ఇంజిన్ తనంతట తాను పీల్చుకున్న గాలితోనే సరిపెట్టుకుంటది. టర్బో ఉంటే, బయటికి పోయే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుద్ది. అదే ఇరుసు మీద అవతలి కొసన ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెడతది. ఈ చక్రాలు నిమిషానికి లక్ష చుట్లు దాటి కూడా తిరుగుతాయి. ఆల్ఫ్రెడ్ బ్యూకి అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఇట్టా ఎక్కువగా నెట్టే ఒత్తిడినే బూస్ట్ అంటారు. మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడి సుమారు ఒక బార్. మా పికప్ టర్బో లోడులో దాని మీద ఇంకో బార్ దాకా ఇవ్వాలి.

ఒత్తిడి తక్కువైతే బండి లాగదు. ఎక్కువైతే ఇంజిన్ పగిలిపోద్ది. అందుకే దానికి ఒక కాపలా ఉంది. టర్బోకి పోయే పొగదారిలో చిన్న తలుపు పెడతారు, దాని పేరు వేస్ట్‌గేట్. ఆ తలుపుని లాగే కడ్డీ ఒకటి, కడ్డీకి ఒక డబ్బా. డబ్బాలో స్ప్రింగు, రబ్బరు పొర ఉంటాయి. టర్బో పుట్టించిన ఒత్తిడే సన్న గొట్టం గుండా వచ్చి ఆ పొరని నెడతది. ఒత్తిడి సరిపడా పెరగ్గానే స్ప్రింగు ఓడిపోయి తలుపు తెరుచుకుంటది. కొంత పొగ చక్రాన్ని తిప్పకుండా పక్కదారిన పోద్ది. బూస్ట్ అక్కడికి ఆగుద్ది.

దీన్నిబట్టి బూస్ట్ తగ్గడానికి ఎన్ని కారణాలుండొచ్చో చూడండి. టర్బో నిజంగానే అరిగిపోయి ఉండొచ్చు. టర్బో మంచిగానే ఉండి, అది ఒత్తిన గాలి ఇంజిన్ దాకా చేరకుండా దారిలో కారిపోతుండొచ్చు. వేస్ట్‌గేట్ తలుపు మూసుకోకుండా ఇరుక్కుని ఉండొచ్చు. లేదా గాలి ఫిల్టరే దుమ్ముతో నిండిపోయి ఉండొచ్చు. మొదటిదానికి 38 వేలు. మిగతా మూడింటికి వందల్లోనే ఖర్చు. మరి చూడటం ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

ఫిల్టర్ తీసి చూశా, బాగానే ఉంది. టర్బో ముందు గొట్టం ఊడదీసి చక్రాన్ని చేత్తో తిప్పా. తేలిగ్గా తిరిగింది, గోడకి రాసుకోలేదు, పెద్దగా ఊగలేదు, రెక్కలు విరగలేదు. అంటే టర్బో మీద వేసిన నేరం రుజువు కాలేదు. తర్వాత 450 రూపాయలు పెట్టి గేజి కొన్నా. వేస్ట్‌గేట్ డబ్బాకి పోయే గొట్టంలో టీ ముక్క పెట్టి, దాన్నుంచి పొడుగు పైపుతో గేజిని డ్రైవరు క్యాబిన్‌లోకి తెచ్చా. ఇసుక బస్తాల లోడుతో రోడ్డెక్కితే ముల్లు 0.4 బార్ దగ్గర ఆగింది. ఒకటికి దగ్గర్లో ఉండాల్సింది అది.

గాలి ఎక్కడో కారుతోందని అనుమానం. పెద్ద వర్క్‌షాపుల్లో దీనికి పొగ మిషన్ ఉంటది. గొట్టాలకి రెండు పక్కలా మూత వేసి లోపలికి పొగ పంపిస్తారు. పొగ బయటికొచ్చిన చోటే కన్నం. ఈ సంగతి నేను తాతకి వివరిస్తుంటే ఆయన పూర్తిగా వినకముందే లేచెళ్లి పొగకుండ తెచ్చాడు.

తెలియని తమ్ముళ్ల కోసం చెప్తున్నా. పొలాల్లో ఎలుకలు పట్టడానికి మన పెద్దోళ్లు వాడే మట్టికుండ అది. లోపల ఎండుగడ్డి కుక్కి నిప్పు పెడతారు. కుండ మూతిని కలుగుకి ఆనించి చుట్టూ బురద మెత్తుతారు. కుండ అడుగున ఉన్న కన్నంలోంచి నోటితో ఊదుతారు. కలుగుకి దారులు చాలా ఉంటాయి. ఎక్కడ పొగ లేస్తే అక్కడ దారి ఉన్నట్టు. వాటిని మూసి, చివరికి ఎలుక ఎటు రావాలో ఆ దారి ఒక్కటే వదులుతారు. "ఎన్ని దారులున్నయ్యో మనకెట్టా తెలుసుద్ది అబ్బాయ్, పొగనే అడగాల" అంటాడు తాత. స్కూల్లో మమ్మల్ని "ఎలకలోళ్లు" అని పిలిచింది ఈ కుండ వల్లే.

బూడిద టర్బోలోకీ ఇంజిన్‌లోకీ పోకూడదు కాబట్టి రెండు వైపులా గొట్టాలు విప్పేసి, మధ్యలో ఉన్న ఇంటర్‌కూలర్‌నీ దాని గొట్టాలనీ మాత్రమే వేరు చేశా. ఇంజిన్ వైపు మూతి ప్లాస్టిక్ సీసా అడుగుతో బిగించా. కుండకీ గొట్టానికీ మధ్య రెండు మీటర్ల ఇనప పైపు పెట్టి దాని మీద తడి గోనె కప్పా, పొగ చల్లారాలి కదా, లేకపోతే రబ్బరు కాలిపోద్ది. తాత ఊదాడు. నిమిషం కాకముందే ఇంటర్‌కూలర్ కింది వంపులో, క్లిప్పు కింద నుంచి సన్నగా పొగ లేచింది. పైనుంచి చూస్తే ఎప్పటికీ కనపడని చోటు అది. ఐసు పెట్టెల్లోంచి ఉప్పునీళ్లు కారీ కారీ క్లిప్పు తుప్పుపట్టి వదులైంది, దాని కింద రబ్బరు చీలింది. ఇంజిన్ ఖాళీగా తిరిగేటప్పుడు చీలిక మూసుకునే ఉంటది, ఒత్తిడి పెరిగితేనే నోరు తెరుస్తది. ఖాళీ బండి బాగా పోయి లోడు బండి పోకపోవడానికి కారణం అదే. గాలి తగ్గిపోయి డీజిల్ సగం కాలి వచ్చేదే ఆ నల్ల పొగ.

కొత్త గొట్టం 480, రెండు స్టీలు క్లిప్పులు 120. లోపలంతా శుభ్రంగా తుడిచి బిగించి మళ్లీ లోడుతో చూస్తే 0.7 బార్. బాగుపడింది కానీ పూర్తిగా కాదు. ఒక లోపం దొరకగానే చాలామంది అక్కడితో ఆపేస్తారు. గేజి ఉండటం వల్ల ఇంకోటి దాగి ఉందని తెలిసింది.

ఈసారి వేస్ట్‌గేట్. డబ్బా గొట్టం తీసి, గేజి పెట్టుకుని సైకిల్ పంపుతో మెల్లగా గాలి కొట్టా. కడ్డీ కదిలింది, అంటే పొర చిరగలేదు. గాలి వదిలితే మాత్రం పూర్తిగా వెనక్కి రాలేదు, మూడు నాలుగు మిల్లీమీటర్లు మిగిలిపోయింది. అంటే తలుపు ఎప్పుడూ ఓరగా తెరిచే ఉంటోంది. చూస్తే కీలు దగ్గర తుప్పు. సముద్రపు గాలికి వాడరేవులో తలుపు గడియలే ఇరుక్కుపోతాయి, ఇదెంత. తుప్పు వదిలించే స్ప్రే 250 పెట్టి కొని, కొట్టి, నానబెట్టి, తీగ బ్రష్షుతో రుద్ది, ఒక పూటంతా ముందుకీ వెనక్కీ కదిలించాం. అప్పుడు టక్కున మూసుకుంది. ఆ సాయంత్రం ముల్లు 0.95 చూపించింది. బండి లోడుతో 70 అందుకుంది. టీ ముక్క, పైపు ఇంకో 100. మొత్తం ఖర్చు 1,400. కిస్తీ కట్టేశాడు చిన్నాన్న, ఇంకా ఒకటి బాకీ ఉంది.

ఒక హెచ్చరిక. కొంతమంది డ్రైవర్లు ఆ కడ్డీ నట్టు బిగించి బూస్ట్ పెంచుతారు. లాగుడు బాగుందని కొన్నాళ్లు సంబరపడతారు, తర్వాత ఇంజిన్ పోద్ది. గేజి లేకుండా ఆ నట్టు జోలికి వెళ్లొద్దు. సన్న గొట్టం ఊడినా ఇదే ప్రమాదం, తలుపుకి కబురు అందక బూస్ట్ ఆగకుండా పెరుగుద్ది.

హాస్టల్లో మా రూములో ఈ కథ చెబితే ఒక ఫ్రెండు విదేశాల్లో ఇంటి షెడ్డుల్లో రెండు టర్బోల కార్లు కట్టుకునే వాళ్ల వీడియోలు చూపించాడు. వాళ్ల తిప్పలూ ఇవే, కాకపోతే రెండింతలు. రెండు టర్బోలూ ఒకే గొట్టంలోకి గాలి నెడతాయి కాబట్టి ఒకదాని వేస్ట్‌గేట్ సరిగ్గా మూసుకోకపోయినా ఇద్దరి కష్టం పోద్ది. బూస్ట్ సరిగ్గా లేకపోతే వాళ్లు ముందు ఎలక్ట్రానిక్ కంట్రోలర్‌ని పక్కన పెట్టేస్తారు. సన్న గొట్టాన్ని నేరుగా వేస్ట్‌గేట్‌కి కలిపి, ఒక్క స్ప్రింగు మీదే నడిపి చూస్తారు. స్ప్రింగు లెక్క ప్రకారం ఒత్తిడి వస్తే తప్పు కంట్రోలర్ వైపు ఉన్నట్టు. రాకపోతే గాలి కారడమో, తలుపు ఇరుక్కోవడమో. ఆ తర్వాత ఒక్కొక్కటే మళ్లీ తగిలిస్తారు. 1990ల్లో వచ్చిన మాజ్దా ఆర్‌ఎక్స్-7 కారులో రెండు టర్బోలు వంతులవారీగా పనిచేస్తాయి, వాటిని నడిపే సన్న గొట్టాలు కుప్పలుగా ఉంటాయి. ఆ కారు ఉన్నోళ్లు ఆ చిక్కుకి పెట్టుకున్న పేరేందో తెలుసా? ఎలుక గూడు! తాతకి చెబితే, "అయితే వాళ్లకీ కుండ కావాల" అన్నాడు.

నేను చెప్పొచ్చేది ఇదే. పెద్ద వస్తువు మీద నేరం వేసే ముందు దాని చుట్టూ ఉన్న చిన్నవాటిని వరసగా, తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చుకి చూసుకుంటా రావాలి. కొలవాలి. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. ఇది నాకు ల్యాబులో నేర్పారు. మా తాతకి ఎవరూ నేర్పలేదు, ఆయనకి ముందే వచ్చు. తమిళనాడు ఇరుల పెద్దలు వడివేల్ గోపాల్, మాసి సడయ్యన్ పాములు పట్టే విద్యతో 2017లో అమెరికాలోని ఫ్లోరిడా దాకా వెళ్లి కొండచిలువలు పట్టారు, 2023లో వాళ్లకి పద్మశ్రీ వచ్చింది. మన ఇళ్లల్లో ఉన్న విద్యకి పేరు లేకపోవచ్చు, పని మాత్రం ఉంది.

కానీ దీనికి ఇంకో పక్క కూడా ఉంది. జీవితమంతా ఆ కుండ ఊదినోడు ఎంత పొగ మింగి ఉంటాడో ఆలోచించండి. ఆ రోజు ఊదాక తాత చాలాసేపు దగ్గుతానే ఉన్నాడు. తమిళనాడులో ఇరుల వాళ్ల కోసం నోటితో ఊదే పని లేకుండా, చేత్తో తిప్పితే గాలి కొట్టే ఉక్కు పొగకుండ తయారుచేశారు. ఎండాకాలం సెలవుల్లో అట్టాంటిది ఒకటి మా తాతకి చెయ్యాలని ఉంది. పాత కుట్టుమిషను చక్రం, చిన్న ఫ్యాను రెక్కలు కావాలి. చీరాల, బాపట్ల, ఒంగోలు వైపు ఎవరి దగ్గరైనా పనికిరానివి పడి ఉంటే చెప్పండి, నేనే వచ్చి తెచ్చుకుంటా.