ఇంటి మైదానము

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మనలో నొక సామెత కలదు. ఇల్లు వేఱు, రచ్చ వేఱు అని యందలి భావము. ఫుట్‌బాలు ఆటను అభిమానించువారి భాషలో మాత్రము ఈ రెండును ఒక్కటియైనవి. వేలకొలది అపరిచితులు కూడి కేకలు వేయు బహిరంగస్థలమును వారు ‘మా ఇల్లు’ అందురు. ఆ స్థలమునకు పట్టా వారి పేర లేదు. శిస్తు వారు కట్టరు. తాళపుచెవి వారి యొద్ద నుండదు. అయినను తమ జట్టు ఆ మైదానమును విడిచి మఱియొక చోటికి పోవునన్న వార్త పుట్టినంతనే ఇల్లు వేలమునకు వచ్చినట్లు కలత పడుదురు. ఈ కలత వట్టి వ్యామోహమా, లేక దీనియందు న్యాయమైన హక్కేదైన కలదా యని నేను కొంతకాలముగా ఆలోచించుచున్నాను.

నేను ఆటగాడను కాను. సంస్కృతమును ఆంగ్లమును చదువుకొని హిందూపురమున బడిపంతులుగా నున్నవాడను, పుట్టినది ధర్మవరము. ఫుట్‌బాలుతో నాకు సంబంధము కలిగినది విద్యార్థుల వలన. ఒకనాడు తరగతిలో ఆ మాటను తెలుగు చేయబోయి ‘పాదకందుకక్రీడ’ యని సంస్కృతము చేసితిని. పిల్లలు పకపక నవ్విరి. కొన్నాళ్లు ఆ పేరే నాకు బిరుదయ్యెను. నాటినుండి ఆటను గూర్చిన తగవులన్నియు నా యొద్దకు తీర్పునకు వచ్చుచున్నవి.

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ఒకే రైలుదారిపై నున్న ఊళ్లు. ఆ దారి దక్షిణముగా పోయి బెంగుళూరు చేరును. ఆట యున్న దినమున ధర్మవరమున మగ్గముల ఇండ్ల పిల్లలు రైలెక్కుదురు. పెనుకొండలో, ఎఱ్ఱమంచి కార్ల కర్మాగారము వచ్చిన తరువాత, అందు పనిచేయు యువకులు కలియుదురు. హిందూపురమున నా పూర్వవిద్యార్థులు చేరుదురు. మా భాష మమ్ము హైదరాబాదు వైపు లాగును. మా రైలు బెంగుళూరు వైపు లాగును. ఎక్కువమంది రైలుకే లొంగిరి.

బెంగుళూరు ఎఫ్.సి. 2013లో పుట్టెను. మొదటి యేడు అశోకనగరునందలి బెంగుళూరు ఫుట్‌బాలు స్టేడియమున ఆడి, ఆ యేడే ఐ-లీగు గెలిచెను. దాని నాయకుడు సునీల్ ఛెత్రి సికింద్రాబాదున జన్మించినవాడగుట మా పిల్లలకు చుట్టరికము కలుపుకొనుటకు చాలిన కారణమయ్యెను. 2014లో ఆ జట్టు కంఠీరవ క్రీడామైదానమునకు మారెను. రైలుపెట్టెలో మొదటి వాదము అప్పుడు పుట్టినది. అది నేటికిని పూర్తిగా ఆఱలేదు.

పాత మైదానమును మెచ్చువారి మాట ఇది: అది చిన్నది, మెట్లమీద కూర్చున్నవానికి ఆటగాని ఆయాసము వినబడును, తాను అఱచిన మాట ఆటగానికి వినబడెనని నమ్మకము కలుగును. కంఠీరవలోనన్ననో ప్రేక్షకునికిని గడ్డికిని నడుమ పరుగుబాట యడ్డము వచ్చును. క్రొత్తదానిని మెచ్చువారు వెంటనే బదులు చెప్పుచుండిరి: పాతచోట కృత్రిమపు పచ్చిక, ఇచ్చట నిజమైన గడ్డి. పాతచోట కొన్నివేలమందికే తావు. ఇచ్చట ఇరువదివేలకు మించి కూర్చుండవచ్చును. జట్టు పెరిగినప్పుడు చొక్కా మార్చవలదా? 2016 అక్టోబరులో మలేషియా జట్టగు జోహోరును కంఠీరవలో 3–1 గా ఓడించి, ఏ.ఎఫ్.సి. కప్పు తుదిపోటీకి చేరిన మొదటి భారతీయ జట్టుగా బెంగుళూరు పేరు పొందిన రాత్రి, క్రొత్తదాని పక్షమువారికి వేఱు సాక్ష్యము అక్కఱలేకపోయెను.

ఒకసారి పెనుకొండ యువకుడొకడు చరిత్రను సాక్షిగా పిలిచెను. “1565లో హంపి పోతే మా పెనుకొండ రాజధాని కాలేదా సార్? రాజు యాడుంటే అదే రాజధాని. జట్టు యాడాడితే అదే ఇల్లు” అని వాని వాదము. ధర్మవరపు నేతపని కుఱ్ఱవాడు కిటికీ యొద్దనుండి తలయైనను త్రిప్పక, “రాజు వచ్చినాడు సరేలే. హంపీ బజారులో అంగడి పెట్టుకున్నోళ్లు ఏమయినారో అది చెప్పు” అనెను. పెట్టెలో నొక్క క్షణము ఎవరును మాటాడలేదు. రాజధాని పెనుకొండ నుండియు తరువాత చంద్రగిరికి పోయినదని నేను గుర్తుచేసితిని. దానితో పెనుకొండవానికి వాదము పోయినను, ధర్మవరమువాని ప్రశ్న మాత్రము నా మనస్సున నిలిచిపోయెను. తరలువారిని గూర్చి అందఱమును మాటాడుదుము. తరలలేనివారిని అడుగువారు తక్కువ.

కంఠీరవ విషయమున ఆ ప్రశ్నకు ఇంకొక ముఖము కూడ కలదు. ఆ మైదానము 1997 జాతీయక్రీడలకు సిద్ధమైనది. పరుగుపందెముల వారికి అది పుట్టినిల్లు వంటిది. ఫుట్‌బాలు వచ్చిన పిదప తమ అభ్యాసమునకు వేళలు తగ్గిపోయినవనియు, పరుగుబాట చెడుచున్నదనియు వారును వారి శిక్షకులును మొఱపెట్టుకొనిరి. తగవు ఉన్నత న్యాయస్థానము వఱకు పోయెను. 2019లో, ఈ చిక్కు తీరకున్న యెడల జట్టు పూణేకు పోవలసివచ్చునను వార్త వ్యాపించినప్పుడు మా వారు ఉడికిపోయిరి. ‘మా ఇంటినుండి మమ్ము వెడలగొట్టుదురా’ యనిరి. ఆ పరుగువారు అయిదేండ్లుగా అనుచున్న మాటయు అదియేనని నేను చెప్పగా కొందఱికి కోపము వచ్చినది. ఒకరి ఇల్లు మఱియొకరి ఇంటిపై లేచుట మన దేశమున అపూర్వము కాదు. మంచి మైదానములు తక్కువ, ఆడువారు ఎక్కువ. ఇట్టి కఱవులో అభిమానము ఎంత పవిత్రమైనను దానికొక ప్రక్కవాడుండును. బెంగుళూరు జట్టు చివరకు కంఠీరవలోనే నిలిచినది. ఉదయమున ఆ బాటపై పరుగెత్తవలసిన బాలురను బాలికలను గూర్చి ఆలోచించిన అభిమానులు ఎందఱో నాకు సందేహమే.

హైదరాబాదు కథ దీనికంటె కఠినమైనది. ఆ నగరమునకు ఫుట్‌బాలు క్రొత్తది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదుమార్లు రోవర్సు కప్పు గెలిచెను. ఆయన తీర్చిన భారతజట్టు 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సున నాలుగవ స్థానమును, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందెను. అట్టి నగరమునకు 2019లో హైదరాబాదు ఎఫ్.సి. వచ్చెను. అదియు పూణే జట్టు మూతపడగా ఆ స్థానమున వచ్చినదే. గచ్చిబౌలి మైదానము దాని యిల్లు. ఒక్క యేడు గడవకముందే మహమ్మారి వచ్చి, ఆటలన్నియు గోవాకు పోయెను. 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఆ జట్టు దేశవిజేత యయ్యెను. ఇంట గెలువకమునుపే రచ్చ గెలిచెనని మేము హాస్యమాడుకొంటిమి. ఆ తరువాత ధనపు చిక్కులు వచ్చినవి, యాజమాన్యము మారినది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి, పేరు కూడ మార్చుకొనెను.

మా వారిలో నొకడు ఆ వార్తను దూరవాణిలో చదివి, తన యొద్దనున్న పసుపుపచ్చ చొక్కాను చూపి, “ఇదిప్పుడు ఏ జట్టుది సార్?” అని అడిగెను. నాకు వెంటనే బదులు తోచలేదు. మైదానము మారినప్పుడు ఇల్లు మారినదనవచ్చును. ఊరు మారి, పేరు మారి, రంగు మారినప్పుడు మిగులునది కాగితముపై నున్న అనుమతి మాత్రమే. ఆ కాగితము క్రయవిక్రయములకు తగినది. చొక్కా తొడిగినవాని ఆరేండ్ల ప్రేమ దానితో ఢిల్లీకి పోదు. ఈ తరలింపునకు ముందు ఆ చొక్కాల వారిని కూర్చుండబెట్టి మాటాడించిన సభ యొకటి యుండినచో, జట్టు నిలువకపోయినను వారి మర్యాద నిలిచియుండును.

ఇతర దేశములలోను ఈ వ్యథ కలదు. కొన్నిచోట్ల దానికి విరుగుడును కలదు. లండనునందలి వింబుల్డను జట్టును 2002లో సంఘమువారు మిల్టన్ కీన్సు పట్టణమునకు పోనిచ్చిరి. అభిమానులు ఏడ్చి ఊరకుండలేదు. ఆ యేడే తమ చందాలతో ఏ.ఎఫ్.సి. వింబుల్డను అను క్రొత్తజట్టును నిలిపి, అట్టడుగు తరగతి పోటీల నుండి మెట్టుమెట్టుగా పైకి తెచ్చి, 2020లో తమ పాతవీధియగు ప్లౌ లేనునకు మరలి వచ్చిరి. లివర్‌పూలు నగరమున ఎవర్టను జట్టు 1892లో అద్దె తగవు వలన ఆన్‌ఫీల్డును విడిచి గూడిసన్ పార్కునకు పోయెను. ఖాళీయైన ఆన్‌ఫీల్డులో లివర్‌పూలు జట్టు పుట్టెను. అదే ఎవర్టను 2025లో రేవు ప్రక్కన కట్టిన క్రొత్త మైదానమునకు తరలెను. గూడిసనును పడగొట్టవలెనని మొదట తలచి, పిదప మనస్సు మార్చుకొని, దానిని తమ స్త్రీల జట్టునకు ఇల్లుగా ఒప్పగించిరి. జర్మనీలో క్లబ్బుల యందు సభ్యులకే సగమునకు మించిన ఓట్లుండవలెనను నియమము సామాన్యముగా అమలులో నున్నది. అచ్చట అభిమాని వట్టి కంఠము కాడు, ఓటు కలవాడు.

గూడిసను వార్త చదివినప్పుడు నాకు మా ఊరి సంగతి జ్ఞప్తికి వచ్చెను. కొన్నియేండ్ల క్రిందట, మా పిల్లలు సాయంకాలములందు ఆడుకొను ఊరినడిమి మైదానము చాలదని, ఊరిబయట ఆఱు కిలోమీటర్ల దూరమున నొక విశాలమైన చోటు చూపబడెను. పాతచోట దుమ్ము, రాళ్లు, సభలకై పాతిన గుంజల గుంతలు. క్రొత్తచోట చదునైన నేల, దీపస్తంభములు. పిల్లలు రెండు పక్షములై వాదించిరి. బాలురలో పెక్కుమంది క్రొత్తదానినే కోరిరి. వాదమంతయు ముగియవచ్చినప్పుడు తొమ్మిదవ తరగతి బాలిక యొకతె లేచి, “అన్నోళ్లకు బండ్లుండాయి సార్. ఆ తట్టుకు బస్సు లేదు. పొద్దు గూకకముందే ఇల్లు చేరకపోతే మా నాయన ఆట మానిపిస్తాడు” అని కూర్చుండెను. గడ్డిని గూర్చి, దీపములను గూర్చి గంటసేపు మాటాడిన సభలో దూరమును గూర్చి పలికినది ఆమె యొక్కతెయే.

తరలింపు జరిగినది. పదునలుగురు బాలికలలో మూడు నెలలకు ఐదుగురు మిగిలిరి. పిమ్మట కొందఱు తల్లులును ఇద్దఱు అంగడివారును చందా వేసికొని ఒక ఆటో కుదిర్చిరి. చిన్నపిల్లల అభ్యాసము వారమున నాలుగు దినములు పాతమైదానముననే యుండునట్లు పెద్దలు ఒప్పుకొనిరి. బాలికల సంఖ్య మరల తొమ్మిదియయ్యెను. ఆ లేచి మాటాడిన బాలిక ఆ తొమ్మిదిమందిలో లేదు. పదునెనిమిది నిండిన మఱునాటి నెలలో ఆమెకు పెండ్లియైనది. ఆటకును పెండ్లికిని నేను ముడి పెట్టుటలేదు. కాని సాయంకాలము ఇల్లు వెడలుటకు ఆమెకున్న ఏకైక కారణము ఆ మైదానమేనని మాత్రము నేనెఱుగుదును.

కావున, క్రొత్త మైదానములు కూడదని నేను చెప్పను. పాతదనము ఒక్కటే గొప్పతనము కాదు. మెట్లు విఱిగి, నీరు లేక, స్త్రీలకు మఱుగైన లేని మైదానమును ‘మా ఇల్లు’ అని పట్టుకొని వ్రేలాడుట అభిమానము కాదు, మౌఢ్యము. కాని తరలునప్పుడు అడుగవలసిన ప్రశ్నలు మూడు కలవు. ఆ క్రొత్తచోటికి ఎవరు రాలేరు? ఆ క్రొత్తచోట ఇదివఱకే ఎవరున్నారు? ఈ నిర్ణయమునకు ముందు ఎవరిని అడిగితిరి? ఎన్నివేలమంది పట్టుదురు, ఎన్ని దీపములు వెలుగునను ప్రశ్నలు వీని తరువాతివి.

యువకులారా, మీరు జట్టుకొఱకు పాడుటకు కూడుచున్నారు, మంచిదే. అట్లే మాటాడుటకును కూడుడు. సంఘముగా ఏర్పడి, అల్పమైన చందా పెట్టుకొని, మీ యభిప్రాయమును వ్రాసి యజమానులకు, ప్రభుత్వమువారికి పంపుడు. ఆ సంఘమున పరుగుపందెపు పిల్లవానికిని, బస్సు లేని బాలికకును చోటుంచుడు. రచ్చ యనగా పూర్వము ఊరివారు చెట్టుక్రింద కూర్చుండి ఊరి మంచిచెడ్డలు తేల్చుకొను చోటు. మైదానమును ఇల్లని పిలుచుకొను హక్కు, దానిని రచ్చగా నడుపుకొనగలవారికే దక్కును.