నిలబడడం నేర్చిన కారు

మేము కాపురముండేది నంద్యాలలో. మా పిల్లల అవ్వ ఆళ్ళగడ్డ దగ్గర పల్లెలో ఉండేది. మధ్యన 40 కిలోమీటర్ల పైచిలుకు దారి. ఆ దారిలో ఒక కారు మా కుటుంబానికి నేర్పిన సంగతి మీతో చెప్పుకోవాలని చాలా రోజులుగా అనుకుంటున్నాము. అలాంటి కారూ, అలాంటి పిల్లవాడూ మీ ఇంట్లోనూ ఉండవచ్చు గదా!

2017లో మా పెద్దబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం దొరికింది. మరుసటి ఏడు పాత కారొకటి కొన్నాడు. చిన్న కారే గాని నలుగురు సుఖంగా కూర్చోవచ్చును. అయితే వాడికి చిన్ననాటి నుండి స్పోర్ట్స్ కార్లంటే పిచ్చి. అసలైన స్పోర్ట్స్ కారు కొనే స్తోమత మా బోటివారికి ఎక్కడిది? గనుక ఉన్న కారునే అలా మార్పించుకుంటానన్నాడు. "ఎంతవుతుంది నాయనా?" అని అడిగాము. డెబ్బై వేలన్నాడు. మేము ముప్పై వేలు పంపాము. ఈ మాట దాచకుండా చెప్పాలి. తరువాత జరిగినదానిలో మా పాలు కూడా ఉన్నది.

2018 క్రిస్మస్‌కు ఆ కారు మా వీధిలోకి వస్తుంటే నాలుగిళ్ళ అవతల నుండే వినబడింది. సైలెన్సర్ మార్పించాడు. స్ప్రింగులు కోయించి కారును నేలకు దించాడు. వెడల్పు టైర్లు, పెద్ద చక్రాలు వేయించాడు. డిక్కీ నిండా పాటల పెట్టెలు. వీధి పిల్లలు చుట్టూ మూగారు. నిజం చెప్పాలంటే మాకూ గర్వంగానే అనిపించింది.

అవ్వకు అంతకు రెండు నెలల క్రితమే తుంటి ఎముక ఆపరేషన్ అయ్యింది. పండుగకు ఆమెను నంద్యాలకు తీసుకురావాలి. "నా కారులోనే తెస్తాను" అని మావాడు పట్టుబట్టాడు. ముగ్గురమూ బయలుదేరాము. అవ్వను మెల్లగా ఎక్కించి, కాళ్ళ కింద దిండు పెట్టి తిరుగు ప్రయాణమయ్యాము.

పల్లె దారి గతుకులలోనే సంగతి మాకు అర్థమైంది. ప్రతి గుంటకూ కారు అడుగు నేలకు తగిలేది. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా అవ్వ ముందు సీటును రెండు చేతులా పట్టుకొని కళ్ళు మూసుకునేది. "అవ్వా, ఏసీ సరిపోయిందా?" అని మనవడు అడిగితే, "సరిపోయింది నాయనా, పో" అన్నదే గాని, నొప్పి అని ఒక్క మాటైనా అనలేదు.

పెద్ద రోడ్డెక్కాక మావాడు వేగం పెంచాడు. శిరివెళ్ళ మెట్ట దగ్గరకు వచ్చేసరికి ఒక బర్రె రోడ్డుకు అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి పోయింది. టైర్లు మడ్గార్డుకు రాసుకొని కీచుమన్నాయి. బర్రెకు మూరెడు దూరంలో కారు ఆగింది. ఎవ్వరికీ దెబ్బ తగలలేదు. దేవునికి స్తోత్రము! అనుకోవడానికి కూడా మాకు నోరు రాలేదు.

కొంతసేపటికి అవ్వే అన్నది: "నాయనా, నీ కారు బాగా ఉరుకుతుంది. నిలబడేది మాత్రం దానికి నేర్పలేదే."

ఇంటికి వచ్చాక మేము వాడిని కేకలేశాము. "డబ్బులిచ్చింది మీరు కాదా?" అని వాడు ఎదురడిగాడు. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు. మేమూ తినలేదు. పండుగ ఇల్లు మూగపోయింది.

మరునాడు ఉదయం మేమే వాడి గదికి వెళ్ళి, "తప్పు మాది కూడా. పద, మేస్త్రీకి చూపిద్దాం" అన్నాము. నంద్యాలలో మాకు ఏళ్ళుగా తెలిసిన మెకానిక్ భాయ్ ఒకాయన ఉన్నాడు. ఆయన కారు కిందికి దూరి చూసి, నవ్వలేదు, తిట్టలేదు. ఒక్కొక్కటి విడమరచి చెప్పాడు.

"సార్, స్ప్రింగు కోస్తే మెత్తబడదు, ఇంకా బిర్రు అవుతుంది. చుట్లు తగ్గేకొద్దీ అది వంగదు. అందుకే పెద్దమ్మకు ప్రతి గుంటా నడుముకే తగిలింది. చక్రం పెద్దదై టైరు గోడ పొట్టిదైతే, దెబ్బను మింగే రబ్బరు తగ్గిపోయినట్టే. సైలెన్సర్ మోత పెంచింది గాని బలం పెంచలేదు. బ్రేక్ ఆయిల్ ఎన్నాళ్ళ నుండో మార్చలేదు. అది గాలిలోని తేమను పీలుస్తుంది. వేడెక్కితే ఆ నీరు ఆవిరై, పెడల్ మెత్తగా పోతుంది."

మావాడు చదువుకున్నవాడే గనుక తానే లెక్క వేశాడు. అదే రోడ్డు, అవే టైర్లు అయినప్పుడు 40 వేగంలో బ్రేకు పడ్డాక కారు ఎంత దూరం జారి ఆగుతుందో, 80 వేగంలో దానికి నాలుగింతలు జారుతుంది. వేగం రెండింతలైతే దూరం నాలుగింతలు! ఈ లెక్క మన పిల్లలందరికీ తెలియాలి.

కోసిన స్ప్రింగులను మళ్ళీ అతికించవచ్చునా అని అడిగితే భాయ్ తల అడ్డంగా ఊపాడు. ఆళ్ళగడ్డలో రాతి విగ్రహాలు చెక్కే శిల్పులు మాకు జ్ఞాపకం వచ్చారు. అక్కడ దారి పక్కన వాళ్ళ పని చూడనివారు ఉండరు. ఉలి వేసేముందు రాయిని తట్టి, వాయి విని, గీత గీసుకొని గాని మొదలుపెట్టరు. తెగిన రాయి తిరిగి అతకదని వారికి తెలుసును. స్ప్రింగూ అంతే.

కొత్త స్ప్రింగులు, నాలుగు షాకబ్జర్లు, కంపెనీ కొలత చక్రాలు వేయించాము. బ్రేక్ ప్యాడ్లు, ఆయిల్ మార్పించాము. అలైన్‌మెంట్ చూపించి, టైర్లలో గాలి కారుతోపాటు ఇచ్చిన పుస్తకంలో ఉన్నంతే పట్టించాము. డిక్కీలోని పెట్టెలు తీసేస్తే కారు తేలికైంది. ఇంజను ముట్టకుండానే చురుకు వచ్చింది! ఇంగ్లండులో 1952లో లోటస్ కార్ల సంస్థను స్థాపించిన కాలిన్ చాప్మన్ కూడా తేలికదనాన్నే నమ్ముకొని పందెపు కార్లు చేశాడని మావాడు చెప్పాడు. చివరగా నడుము వెనుక ఆనుకునేందుకు చిన్న దిండు కుట్టించాము. దానికి ఖర్చు దాదాపు లేదు. సుఖం మాత్రం అన్నిటికంటె దానిదే ఎక్కువ.

సరిగ్గా ఆ తరువాతి నెలలో, అంటే 2019 జనవరిలో, తయారు చేసిన కంపెనీ ఇచ్చిన నమూనాకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు చెప్పినట్లు పేపరులో చదివాము. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనులో ఉన్నది అదే. ముందే తెలుసుకొని ఉంటే ఆ డబ్బు మిగిలేది.

సంక్రాంతి సెలవులకు అవ్వను తిరిగి పల్లెకు దింపడానికి మళ్ళీ అదే కారులో బయలుదేరాము. శిరివెళ్ళ మెట్ట దాటేటప్పుడు మావాడు అద్దంలో వెనక్కి చూశాడు. అవ్వ నిద్రపోతున్నది. వాడు ఏమీ అనలేదు. వేగం ఇంకొంచెం తగ్గించాడు.

అవ్వ ఇప్పుడు మా మధ్య లేదు. మావాడు ఇంకొక కారు కొన్నాడు. పెండ్లయింది, పాప పుట్టింది. ఊరికి బయలుదేరే ప్రతిసారీ ముందు బ్రేకు తొక్కి చూస్తాడు, తరువాతనే తాళం తిప్పుతాడు.

ప్రియ చదువరులారా, మీ పిల్లలు బండిని మార్పించుకుంటామంటే ఒట్టినే కాదనకండి, ఒట్టినే డబ్బూ ఇవ్వకండి. వారితోపాటు మెకానిక్ దగ్గరకు వెళ్ళి కూర్చోండి. "ఇది ఎంత వేగంగా పోతుంది?" అని వారు అడుగుతారు. "వెనుక సీటులో అవ్వ కూర్చుంటే ఎలా ఉంటుంది?" అని మీరు అడగండి.