నీళ్ల కాడ వద్దు

మా మార్కాపురం వైపు వాళ్లకు శ్రీశైలం నడిచిపోవడం కొత్త సంగతి కాదు. ఒకప్పుడు దూరప్రాంతాల యాత్రికులు మార్కాపూర్ రోడ్ స్టేషన్లో రైలు దిగి, దోర్నాల మీదుగా కొండెక్కేవాళ్లు. అంతకన్నా వెనక్కి వెళ్తే మా త్రిపురాంతకమే శ్రీశైలానికి తూర్పు ద్వారం. అద్దంకి ఏలిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలోనే యాత్రికుల కోసం శ్రీశైలం కొండకు మెట్లు కట్టించాడు. దారి వేయడం, సత్రం కట్టడం, చలివేంద్రం పెట్టడం ఈ నేలకు పాత అలవాట్లే. దారి ఎట్టా ఉండాలని అడవిలో కాపురముండేవాళ్లని కూర్చోబెట్టి అడగడం మాత్రం నేను కళ్లారా చూసింది కొన్నేళ్ల కిందట, దోర్నాల మండలంలోని ఒక చెంచు గూడెంలో.

నేనప్పుడు బడిపంతుల్ని. శివరాత్రికి నడిచిపోయేవాళ్లకు అన్నం పెట్టే మా కమిటీలో లెక్కలు రాసేది నేనే కాబట్టి నన్నూ జీపెక్కించారు. మాట్లాడాల్సినవి రెండు. ఒకటి, ఆ ఏడు నడకదారిలో మజిలీలు ఎక్కడెక్కడ పెట్టాలి. రెండోది మా కమిటీలోని కుర్రాళ్ల కోరిక: తుమ్మలబైలులో సఫారీ జీపులు ఉన్నట్టే ఈ దారిని కూడా ట్రెక్కింగ్ బాట చేసి, ఏడాది పొడుగునా జనాన్ని నడిపించాలని. ఒకాయన కొడుకు అమెరికాలో ఉంటాడు. అక్కడి అప్పలాచియన్ ట్రెయిల్‌ను క్లబ్బుల వాళ్లు, వాలంటీర్లు చూసుకుంటారనీ, మూడున్నర వేల కిలోమీటర్ల బాట అట్టా నడుస్తోందనీ ఆయన జీపులో చెప్పుకుంటూ వచ్చాడు. ఆ బాట మొదలూ చివరా మనుషులు నడవడానికే వేసుకున్నది. మాది పులి తిరిగే అడవి. 1983లో పులుల రిజర్వు అయింది. దోర్నాల ఘాట్ రోడ్డు మీద రాత్రి 9 తర్వాత బండిని కూడా పోనివ్వరు.

చింతచెట్టు కింద మాకు కుర్చీలు వేశారు, వాళ్లు నేల మీద కూర్చున్నారు. నాకది నచ్చలేదు గానీ నేనూ కుర్చీలోనే కూర్చున్నాను. మాతో వచ్చిన అటవీశాఖ ఆఫీసరు మ్యాపు పరిచి, గుర్తులు పెట్టిన చోట్లు చూపించాడు. మజిలీలన్నీ వాగుల పక్కనే. మాకందరికీ సబబుగానే తోచింది. నీళ్లుంటే వంటకు ఇబ్బంది లేదు, జనం కాళ్లు కడుక్కుంటారు.

గూడెం పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “అల్లుడి పెళ్లికి వచ్చే జనం మాకు చుట్టాలే సారూ,” అన్నాడు. శ్రీశైలం మల్లన్న తమ ఆడపిల్లను చేసుకున్నాడని చెంచుల నమ్మకం. “చుట్టాన్ని నీళ్ల కాడ మాత్రం పండబెట్టం. నీళ్లకొచ్చేవి అప్పుడు యాడికి పోతాయి?”

అక్కణ్ణుంచి మాట బేస్ క్యాంపులో వాచర్‌గా పనిచేసే కుర్రాడు అందుకున్నాడు. శివరాత్రి నాటికి వాగులు పారడం ఆగిపోయి మడుగులు మిగులుతాయి. అడవిలో నీళ్లు తగ్గేకొద్దీ జంతువులన్నీ ఆ కాసిని మడుగుల మీదే పడతాయి. పొద్దుగూకేటప్పుడు, తెల్లారగట్ల వాటి రాకపోకలు ఎక్కువ. ఎండకు భయపడి మన నడకవాళ్లు బయల్దేరేదీ సరిగ్గా ఆ వేళల్లోనే. మైకు పెట్టి, పొయ్యిలు వెలిగించి, వందలమందిని మడుగు ఒడ్డున కూర్చోబెడితే జింకలు ఆ రాత్రి నీళ్లు తాగవు. ఎలుగుబంటి అయితే దాహం ఆపుకోదు, జనం మధ్యలోకే వస్తుంది. అతను వేళ్లు మడిచి లెక్కపెడుతూ చెప్తుంటే ఆఫీసరు మ్యాపు మీద పెన్ను ఆపేశాడు.

మా వంటమేస్త్రి ఊరుకోలేదు. “నీళ్లు లేని చోట అన్నం ఎట్టా వండాలబ్బా?” అన్నాడు.

“ఎండాకాలం సాసర్ పిట్లల్లో పులికి ట్యాంకరుతో నీళ్లు పోస్తన్నారుగా. మనుషులకు పోయలేరా?” అంది వెనక నుంచి ఒక ముసలామె. అందరూ నవ్వారు, ఆఫీసరుతో సహా.

ఆడవాళ్ల నోరు తెరుచుకున్నది ఆ నవ్వు తర్వాతే. ప్లాస్టిక్ గ్లాసులు వద్దన్నారు. మోదుగ విస్తర్లు తామే కుట్టిస్తామన్నారు. జనం కొండెక్కిపోయాక చెత్త ఏరేది తామేననీ, దానికి కూలి ఎవరిస్తారనీ అడిగారు. ఆ ప్రశ్నకు మా కుర్చీల్లోంచి ఒక్క గొంతూ లేవలేదు.

ట్రెక్కింగ్ మాట వచ్చేసరికి గూడెంలోనే రెండు పక్షాలయ్యాయి. గైడు పని దొరుకుతుందని కుర్రాళ్ల ఆశ. పెద్దవాళ్లకు మాత్రం తేనెపట్ల కాలంలో కొత్తవాళ్లు అడవిలో తిరగడం ఇష్టం లేదు. ఒక్క బీడీ ముక్క చాలు, ఎండుగడ్డి అంటుకోవడానికి. చదువుకున్న ఒకమ్మాయి లేచి 2006 అటవీ హక్కుల చట్టం సంగతి ఎత్తింది. గ్రామసభలో తేలకుండా దీన్ని ముందుకు తీసుకుపోవద్దని గట్టిగా చెప్పింది. ఏడాది పొడుగునా బాట అనేది తన చేతుల్లో లేదని ఆఫీసరన్నాడు. అది నిజమే కూడా. ఒకప్పుడు యాత్రికులకు దారి చూపి, కాపలాగా నడిచిన వాళ్లే చెంచులు. వాళ్లకు గైడు ట్రైనింగు ఇప్పిద్దామని మా కుర్రాళ్లు అంటుంటే నాకు నవ్వొచ్చింది.

మినిట్స్ రాసే పని నాకే పడింది. ‘మజిలీలకు గ్రామస్థులు అంగీకరించారు’ అని రాయమన్నారు, రాశాను. పెద్దాయన చదివి వినిపించమన్నాడు. విని, “నీళ్ల కాడ కాకుండా అని రాయి పంతులూ,” అన్నాడు. ఆ మాట చేర్చాకే వేలిముద్ర వేశాడు.

ఆ ఏడు మజిలీలు వాగులకు ఎడంగా, చదునైన చోట పెట్టాం. మొదటి రోజు ట్యాంకరు ఆలస్యమై జనం చేత తిట్లు తిన్నాం. ఒకావిడ నా చేతిలోని గరిటె లాక్కుని మరీ తిట్టింది. గూడెం కుర్రాళ్లు గుంపులకు ముందొకరు, వెనకొకరు చొప్పున శిఖరం దాకా నడిచారు. అక్కడ నంది కొమ్ముల మధ్యలోంచి గోపురం చూసేందుకు జనం తోసుకుంటుంటే వాళ్లు ఒక పక్కకు జరిగి బీడీలు వెలిగించుకున్నారు.

చెత్త ఏరిన ఆడవాళ్లకు కూలి చేతికందేసరికి ఎండాకాలం అయిపోయింది. ట్రెక్కింగ్ బాట కాగితాల్లోనే ఉండిపోయింది. మరుసటేడు మళ్లీ అదే చింతచెట్టు కిందికి వెళ్తే, కూలి రేటు, ఇచ్చే తేదీ మినిట్స్ పుస్తకంలో రాసిందాకా ఆ ఆడవాళ్లు మ్యాపు విప్పనివ్వలేదు.