బోసి కొమ్మల మీద వసంతం: భద్రావతి అడవి పూలు

మహారాష్ట్ర విదర్భలోని భద్రావతి చుట్టుపక్కల అడవి మాఘంలో ఆకు రాలుస్తుంది, ఆ బోసి కొమ్మల మీదే పూస్తుంది. ఇక్కడ వసంతాన్ని చూడాలంటే తల ఎత్తి చూడాలి. ఇంగ్లండు అడవుల్లో ఏప్రిల్, మే నెలల్లో బ్లూబెల్స్ నేలంతా నీలంగా పరచుకుంటాయి. పైనున్న చెట్లు చిగురించి నీడ కమ్మేలోపు, నేల మీది మొక్క ఆ వెలుగును వాడుకుని పూసేస్తుంది. విదర్భ అడవిలోనూ పూలకు అచ్చివచ్చేది ఆకుల్లేని ఆ కొద్ది వారాలే, కాకపోతే వాటిని వాడుకునేది చెట్టు. ఆకు అడ్డు లేని పువ్వు పిట్టకు దూరం నుంచే కనబడుతుంది. నేల మీది చిన్న పూలకు మాత్రం తడి కావాలి. అవి వానాకాలం దాకా ఆగుతాయి.

భద్రావతి పాత పేరు భాందక్, రైల్వే స్టేషనుకు ఇప్పటికీ అదే పేరు. చంద్రపూర్ నుంచి నాగపూర్ వెళ్ళే దారిలో, పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. మాజ్రీ, బల్లార్షా బొగ్గు గనులకూ బల్లార్పూర్ కాగితం మిల్లుకూ పనికోసం వచ్చిన తెలుగు కుటుంబాలు చంద్రపూర్ జిల్లాలో తరాలుగా ఉన్నాయి. వాళ్ళకు ఈ పూలు కొత్తవి కావు. ఇక్కడి రైలు మార్గమే దక్షిణాన సిర్పూర్ కాగజ్‌నగర్, మంచిర్యాల మీదుగా సాగుతుంది. మరాఠీలో పళస్ అన్నా తెలుగులో మోదుగ అన్నా పట్టాల పక్కన పూసేది ఒకే చెట్టు.

మోదుగ ఈ ఋతువుకు పెద్దదిక్కు. ఫిబ్రవరి నెలాఖరుకు ముదురు గోధుమరంగు మఖమలు తొడిమల్లోంచి కాషాయపు పూలు గుత్తులుగా విచ్చుకుంటాయి. రేకుల్లో ఒకటి చిలుక ముక్కులా వంగి, కేసరాలను లోపల దాచుకుంటుంది. వాసన లేని పువ్వు ఇది, పిలుపంతా రంగుదే. తేనెపిట్టలు, గోరువంకలు, ఉడుతలు సైతం తేనె కోసం చేరతాయి. హోలీకి ఈ పూలను నీళ్ళలో మరిగించి రంగు తీయడం గోండు గూడేల్లో పాత అలవాటు. పసుపు పూల మోదుగ కూడా ఉంది, కానీ అరుదు.

కెమెరాకు మోదుగ కష్టమైన పువ్వు. కాషాయం, ఎరుపు ఎండలో తొందరగా పొంగిపోతాయి. రేకు మీది మెత్తని నూగు, ఈనెలు మాయమై ఒట్టి రంగు మచ్చ మిగులుతుంది. వెలుగును ఒక స్టాపులో మూడింట రెండు వంతులు తగ్గించుకుంటే వివరం నిలుస్తుంది. ఉదయం తొమ్మిదిలోపు ఏటవాలు ఎండలో, పువ్వుకు వెనకనుంచి వెలుగు పడేలా నిలబడితే నూగు వెండిలా మెరుస్తుంది. తేనెపిట్ట కోసం చెట్టుచెట్టుకూ తిరగడంకన్నా, బాగా పూసిన ఒక్క చెట్టు దగ్గర 300 మిల్లీమీటర్ల లెన్సుతో కదలకుండా కూర్చోవడం మేలు. పిట్ట అదే గుత్తికి మళ్ళీమళ్ళీ వస్తుంది.

బూరుగ ఎత్తైన చెట్టు. దాని ఎర్రని దళసరి పువ్వును పైన చూడటంకన్నా కింద రాలాక చూడటమే సులువు. రాలిన పూలను తినడానికి చుక్కల జింకలు చెట్టుకిందికి వస్తాయి. రాతిగుట్టల మీద వంకర కొమ్మలతో నిలిచే కొండగోగు అరచేతంత పసుపు పూలు పూస్తుంది. చూసేవాళ్ళు తక్కువ కానీ, ఈ అడవిలో ఇంత అందమైన పువ్వు మరొకటి లేదు.

ఇప్ప సంగతి వేరు. మార్చి, ఏప్రిల్ నెలల్లో రాత్రి విచ్చుకున్న పువ్వు తెల్లవారేసరికి రాలిపోతుంది. మీగడ రంగు, దళసరి రేకు, ఘాటైన తీపి వాసన. దీన్ని ఏరి ఎండబెట్టి అమ్ముకోవడం ఎన్నో కుటుంబాలకు ఎండాకాలపు ఆదాయం. ఏరుకోవడం తేలికవుతుందని చెట్టుకింది ఆకులకు నిప్పు పెడతారు, అడవి మంటలకు అదొక పెద్ద కారణం. చీకటితో వంగి పూలు ఏరేవాళ్ళమీద పులి దాడులు ఈ జిల్లాలో జరుగుతూనే ఉన్నాయి. ఎలుగుబంటికీ ఇప్పపువ్వంటే ప్రాణం. ఫొటో కోసం తెల్లవారుజామున ఒంటరిగా ఇప్పచెట్టు కిందికి వెళ్ళడం తగదు. ఊరిని ఆనుకున్న పొలం గట్ల మీది చెట్లు చాలు, అదీ ఏరేవాళ్ళ తోడుతో, వాళ్ళ అనుమతితో.

భద్రావతికి తూర్పున ఉన్న తాడోబా 1955లో జాతీయ ఉద్యానమైంది. 1986లో ఏర్పడిన అంధారీ అభయారణ్యంతో కలిపి పులుల సంరక్షణ కేంద్రంగా మారింది. కోర్ విస్తీర్ణం సుమారు 625 చదరపు కిలోమీటర్లు. లోపల కాలినడక కుదరదు; సఫారీ వాహనంలో, గైడుతోనే వెళ్ళాలి. సఫారీలో మొబైల్ ఫోను అనుమతించరు కనుక విడిగా కెమెరా ఉండాలి. అందరి కళ్ళూ పులికోసం వెతుకుతుంటాయి కానీ, పూలచెట్టు దగ్గర రెండు నిమిషాలు ఆపమంటే చాలామంది గైడ్లు సంతోషంగా ఆపుతారు. నడుస్తూ తీరిగ్గా చూడాలనుకునేవాళ్ళకు బల్లార్పూర్ దగ్గర విసాపూర్‌లో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరిట వృక్షోద్యానం ఉంది.

ఏప్రిల్ చివరికి మోదుగ కాయలు కడుతుంది, రేల మొదలవుతుంది. మరాఠీలో దాని పేరు బహావా. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లోనే దాని పసుపు గుత్తులు జడల్లా వేలాడతాయి. అప్పటికి ఫొటోలు తీసే వేళ ఉదయం ఎనిమిదికే ముగుస్తుంది.