రెండువేలు దాటకుండా బందరు – అమ్మతో సముద్రం దాకా

ఈసారి మినుము గురించి కాదండి, ఊరికే తిరిగొచ్చిన ఒక రోజు గురించి రాస్తున్నా. రెండో మందు కొట్టేసి ఓ నాలుగు రోజులు ఖాళీగా ఉన్నవాళ్లు చదవండి.

మా మేనల్లుడు ఫ్రాన్సులో చదువుకుంటున్నాడు. సంక్రాంతి ముందు మార్సెయి అనే రేవు పట్నం చూసొచ్చి వీడియో పంపాడు. మూడు రోజులు, తక్కువ ఖర్చులో ఎలా తిరిగాడో లెక్కలతో సహా చెప్పాడు. "మామయ్యా, నువ్వెప్పుడన్నా పనిలేకుండా బస్సెక్కావా?" అన్నాడు. నిజమే. మార్కెట్ యార్డు, ఆసుపత్రి, పెళ్లిళ్లు, అంతే. పక్కన కూర్చుని వీడియో చూస్తున్న మా అమ్మ మాత్రం వేరే మాటంది. "సముద్రం ఇంత నెమ్మదిగా కూడా ఉంటుందా?"

అమ్మ పుట్టిల్లు దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనప్పుడు ఆమెకి పన్నెండేళ్లు. వాళ్లక్క పోయింది. మా ఊరు కోడలిగా వచ్చాక మళ్లీ సముద్రం మొహం చూడలేదు. మొన్న అక్టోబరులో మొంథా తుపానుకి చేను పడిపోయినప్పుడు కూడా రాత్రంతా వాకిట్లోనే కూర్చుంది. నేను వరి గురించి అనుకున్నా. కాదని ఇప్పుడు తెలిసింది.

సరే, మనకి మార్సెయి ఎందుకు, బందరుందిగా అనుకున్నా. ఒక సంగతి చెప్పనా, ఆ మార్సెయి పాత గ్రీకు పేరు మస్సాలియా. రెండువేల ఏళ్ల కిందట గ్రీకు నావికుడు రాసిన పెరిప్లస్ అనే పుస్తకంలో మన తీరం పేరు మసాలియా, సన్నబట్టలు ఇక్కడ విరివిగా తయారవుతాయని రాశాడు. రెంటికీ చుట్టరికం ఉందని కాదు, వినడానికి బాగుందని చెప్తున్నా.

ఇక లెక్క. ఆడవాళ్లకి స్త్రీ శక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితమేగా, కాబట్టి ముగ్గురం వెళ్తే నా ఒక్కడి టికెట్టే ఖర్చు. ఆధార్ మర్చిపోకండి. అమ్మ ఆధార్ పట్టాదారు పాసుబుక్కు కవర్లో ఇరుక్కుని, వెతికేసరికి పొద్దున బస్సు కాస్తా పోయింది. పులిహోర, మంచినీళ్లు ఇంటి నుంచే. ఉయ్యూరులో ఎక్కి, పామర్రు మీదుగా వెళ్తే పెందలాడే బందరులో దిగొచ్చు. ఆదివారం వద్దు, మామూలు రోజు పెట్టుకోండి.

బస్టాండు దగ్గర ఆటో అతను తొమ్మిది వందలన్నాడు. రెండడుగులు ముందుకేస్తే ఇంకొకతను ఆరు వందలకి ఒప్పుకున్నాడు. కోట, చిలకలపూడి పాండురంగడి గుడి, మంగినపూడి బీచి, తిరిగి బస్టాండు. ముందే అన్నీ మాట్లాడేసుకోండి.

బందరు కోట అంటే ఇప్పుడు మిగిలింది మొండిగోడలే. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో ఇక్కడ వ్యాపారం పెట్టారు. డచ్చి సమాధుల మీద చెక్కిన రాతలు చూడండి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో ముప్పైవేల మంది దాకా పోయారు. ఆ సంగతి చెప్తుంటే మా ఆవిడ నా చెయ్యి గిల్లింది, అమ్మ వింటోందని. మనకి పంట రుణాలిచ్చిన ఆంధ్రా బ్యాంకు కూడా 1923లో పట్టాభి సీతారామయ్య గారు ఈ ఊళ్లోనే పెట్టారు.

మంగినపూడిలో తెల్ల ఇసుక కోసం వెతక్కండి, నల్లమట్టి నేల. మన దమ్ము చేసిన మడిలా కాలు దిగుతుంది. లోతు తక్కువని లోపలికి పోవద్దు, ఏటా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. అమ్మ ఒడ్డుకి ఇరవై గజాల దూరంలోనే ఆగిపోయింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. నేను రమ్మనలేదు. పావుగంట అలాగే నిలబడి, "అప్పుడు నీళ్లు తాటిచెట్టంత లేచినై రా" అంది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. తర్వాత తనే నడుచుకుంటూ వెళ్లి పాదాలు తడుపుకుంది. చీర కుచ్చిళ్లు తడిసినా ఎత్తుకోలేదు.

మధ్యాహ్నం మెస్సులో మూడు భోజనాలు, మూడొందల ముప్పై. అరకిలో తొక్కుడు లడ్డు కొన్నాం. శనగపిండి పూస వేయించి దంచి, జల్లించి, పాకంలో వేసి మళ్లీ దంచుతారు, అందుకే ఆ పేరు. టైముంటే పెడన తప్పకుండా వెళ్లండి, పది కిలోమీటర్లే. టేకు అచ్చులతో కలంకారీ అద్దుతారు. నల్లరంగు ఇనుప తుప్పు, బెల్లం ఊరబెట్టి చేస్తారట. అద్దిన బట్టని పారే కాలువ నీళ్లలోనే ఉతకాలి. కాలువ కట్టేస్తే మన చేలే కాదు, వాళ్ల పనీ ఆగిపోతుంది. ఇన్నేళ్లుగా వంతు నీళ్ల కోసం కొట్టుకుంటున్నాం గానీ, ఆ చివర ఎవరున్నారో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఒక దుప్పటి కొన్నాం. అన్నీ కలిపి పద్దెనిమిది వందల చిల్లర అయింది.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని, మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్దామంది. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట స్నానం చేసి, వాళ్లక్క పేరు మీద దీపం వదులుతుందట. ఆ రోజు జనం బాగా ఉంటారు. దివి వైపు సోదరులెవరైనా ఉంటే చెప్పండి, అవనిగడ్డ నుంచి తెల్లారేసరికి అక్కడికి చేరాలంటే ఎన్నింటికి బయల్దేరాలి? అరవై ఏళ్ల మనిషి ఎక్కువ దూరం నడవకుండా ఆటో ఎక్కడిదాకా పోనిస్తారు?