కార్డు మీద ఐదు తేదీలు

మా బాబును కుక్క కరిచింది ఒక సాయంత్రం. హైదరాబాద్ రామంతాపూర్‌లో, మా గల్లీ చివరి కిరాణా కొట్టు ముందు. వాడికి ఎనిమిదేళ్లు. పాల ప్యాకెట్ తేవడానికి వెళ్లాడు. ఎడమ ముంజేతి మీద రెండు లోతైన గాట్లు, బొటనవేలి మొదట్లో ఒకటి. కుక్క ఎటు పోయిందో ఎవరూ చూడలేదు.

నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాణ్ణి వీధికుక్కలు చంపేసిన వీడియో మేమందరం చూసినవాళ్లమే. అంబర్‌పేట మాకు పక్కనే. నాకు అదే కళ్లలో తిరిగింది. వాణ్ణి పట్టుకుని అరుస్తూ నిలబడిపోయాను.

పై పోర్షన్‌లో ఉండే ఆవిడ పరుగెత్తుకొచ్చింది. అంగన్‌వాడీలో పనిచేస్తుంది. "నల్లా కింద పెట్టక్కా, సబ్బియ్యి" అంది. గడియారం చూస్తూ పదిహేను నిమిషాలు కడిగింది. బాబు గింజుకుంటుంటే భుజాలు నేను పట్టుకున్నాను, చెయ్యి ఆవిడ పట్టుకుంది. మా అత్తగారు ఫోన్‌లో కారం అద్దమన్నారు. పై పోర్షన్ ఆవిడే ఫోన్ తీసుకుని, "ఏం పెట్టొద్దమ్మా, కట్టు గూడ కట్టొద్దు" అని చెప్పింది. ఆ పదిహేను నిమిషాలే సగం వైద్యమని తర్వాత డాక్టరు అన్నారు. అది నేను చేసింది కాదు, ఆవిడ చేసింది.

దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. నెత్తురు వచ్చింది కాబట్టి మూడో కేటగిరీ అన్నారు డాక్టరు. టీకా ఒక్కటే చాలదు. టీకా వేశాక ఒంట్లో రక్షణ తయారు కావడానికి వారం పైనే పడుతుంది. అందాకా కాపాడటానికి తయారుగా ఉన్న యాంటీబాడీలను నేరుగా గాయంలోకి ఎక్కించాలి. అందరూ సీరం అనే ఇమ్యునోగ్లోబ్యులిన్ అదే. కిలోకి 20 యూనిట్లు. బాబు బరువు 22 కిలోలు. 440 యూనిట్లు కావాలి. ఆసుపత్రిలో స్టాకు లేదు.

మా ఆయన చీటీ పట్టుకుని మందుల షాపులు తిరిగారు. ఏటీఎంలో మాకున్నది సరిపోలేదు. మా తమ్ముడికి ఫోన్ చేశాను. అప్పటికే వాడి దగ్గర తీసుకున్నది తీర్చలేదు. నోరు తెరవడానికి సిగ్గేసింది. వాడు ఎంతని మాత్రమే అడిగాడు, ఎందుకని అడగలేదు. మా ఆయన తిరిగొచ్చేసరికి చేతిలో ఐసు పెట్టిన చిన్న థర్మాకోల్ డబ్బా. అందులో రెండు సీసాలు, 300 యూనిట్లది ఒకటి, 150ది ఒకటి.

ఆ సూది గాయం లోపలికే గుచ్చుతారు. చుట్టూ చాలాచోట్ల. బొటనవేలి దగ్గర చోటే ఉండదు. చర్మం తెల్లగా ఉబ్బింది. బాబు అరవలేదు. "అమ్మా, చచ్చిపోతానా" అని అడిగాడు. లేదన్నాను. నాకు తెలిసి అన్న మాట కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు ఉండదని నాకు అప్పటికే తెలుసు. తర్వాత కుడి భుజానికి మొదటి డోసు టీకా వేశారు. నర్సు ఒక పసుప్పచ్చ కార్డు ఇచ్చింది. 0, 3, 7, 14, 28. ఒక్కో రోజు పక్కన తేదీ. వేసిన డోసు ఎదురుగా టీకా బ్యాచ్ నంబరు స్టిక్కరు అంటించి సంతకం చేసింది. "అన్నిసార్లూ ఇలాగే అంటించమని అడగండి మేడమ్" అంది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

ఆఫీసు ఇన్సూరెన్స్ సంగతి గుర్తొచ్చింది మూడో రోజు డోసు అయ్యాక. నేను పనిచేసేది మందుల ప్యాకింగ్ కంపెనీలో, స్టోర్స్‌లో. గ్రూపు హెల్త్ పాలసీలో నేనూ, ఆయనా, బాబూ ఉన్నాం. యాప్‌లో క్లెయిమ్ పెట్టడానికి ప్రయత్నిస్తే అడ్మిట్ అయిన తేదీ, డిశ్చార్జి తేదీ అడిగింది. మేం అడ్మిట్ కాలేదు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే ఒకమ్మాయి రెండు మాటలు చెప్పింది. 24 గంటలు ఆసుపత్రిలో ఉండకపోతే రాదు, టీకాలకు అసలే రాదు. బిడ్డ ప్రాణం మీదికొచ్చినప్పుడు డబ్బు లెక్క చూస్తున్నానని నామీద నాకే అసహ్యం వేసింది. ఫోన్ పెట్టేశాను. ఆ వారమంతా ఎవరితోనూ చెప్పలేదు.

ఆ వారం నేను చేసిన పని బాబు నీళ్లు తాగుతుంటే చూడటం. రేబిస్ వస్తే నీళ్లంటే భయపడతారని విన్నాను. వాడు గ్లాసెత్తినప్పుడల్లా గొంతు దిక్కే చూసేదాన్ని. వాడు కనిపెట్టి, నేను లేనప్పుడు తాగడం మొదలెట్టాడు. ఈ జబ్బు బయటపడటానికి మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది కాబట్టి మొదటి వారంలో అలా చూడటంలో అర్థం లేదు. ఆ మాట డాక్టరు చెప్పినా మానలేకపోయాను. మా అత్తగారికి వేరే భయం. ఆవిడ కాలంలో బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. ఆ పాత టీకా తయారీ మన దేశంలో ఎప్పుడో ఆగిపోయిందని, ఇప్పుడన్నీ భుజానికేనని నర్సే ఆవిడకు ఫోన్‌లో చెప్పింది.

ఏడో రోజు డోసుకు పర్మిషన్ అడుగుతుంటే అకౌంట్స్‌లో ఉండే పెద్దాయన విన్నారు. బిల్లులు చూపించమన్నారు. హెల్ప్‌లైన్ మాట చెబితే, "వాళ్లు చదివేది చిన్న కాగితం, పాలసీ పెద్ద కాగితం తెప్పిద్దాం అమ్మా" అన్నారు. హెచ్‌ఆర్‌లో ఉన్న అమ్మాయి ఆ సాయంత్రమే పంపింది. ముగ్గురం ఆవిడ టేబుల్ దగ్గర కూర్చుని చదివాం. మినహాయింపుల్లో టీకాలు ఉన్నాయి. ఆ వాక్యం అక్కడితో ఆగలేదు. జంతువు కరిచాక చికిత్సగా వేసే టీకాలకు ఈ మినహాయింపు లేదని దాని చివర్లోనే ఉంది. వెనక పేజీల్లో, కంపెనీ అదనంగా కట్టిన కవర్లలో, జంతువుల కాటుకు అడ్మిషన్ లేకున్నా మనిషికి 10,000 వరకు ఇస్తారని ఉంది. మాకిచ్చిన బుక్‌లెట్‌లో ఈ రెండు ముక్కలూ లేవు.

గడువు ఇంకో చిక్కు. మా ప్లాన్‌లో మొదటి బిల్లు నుంచి 30 రోజుల్లోపు కాగితాలు చేరాలి. ఆఖరి డోసు ఇరవై ఎనిమిదో రోజున. అన్నీ పూర్తయ్యాక ఒకేసారి పంపుదామంటే చేతిలో మిగిలేది రెండు రోజులు. పెద్దాయన సలహా మీద రెండు విడతలుగా పంపాం. ఉన్న బిల్లులతో మొదటిది, మిగతా డోసుల తేదీలు ఇవీ, వాటి బిల్లులు తర్వాత వస్తాయని ఒక లెటరు. ఇలాంటి స్థితిలో ఉన్న ఎవరైనా ఆ లెటరు తప్పకుండా పెట్టాలి.

పద్నాలుగో రోజు దాటాక క్లెయిమ్ తిరస్కరించామని మెసేజ్ వచ్చింది. కారణాలు హెల్ప్‌లైన్‌లో చెప్పిన ఆ రెండే. అది చదివినప్పుడు స్టోర్స్‌లో అట్టపెట్టెల మధ్య కూర్చుని ఏడ్చాను. డబ్బు కోసమే కాదు. ఎవరో ఒకరు ఇది నిజంగా జరిగిందని ఒప్పుకోవాలనిపించింది.

హెచ్‌ఆర్ అమ్మాయి పాలసీలోని ఆ రెండు వాక్యాల నంబర్లు రాసి, క్లెయిమ్‌లు చూసే టీపీఏకు, బీమా కంపెనీ గ్రీవెన్స్ అధికారికి మెయిల్ పెట్టింది. పెద్దాయన ముందు దారి కూడా చెప్పి ఉంచారు. అక్కడా తేలకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉంది. కంపెనీ కాదన్నా, నెలలో జవాబివ్వకున్నా, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఆ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. మాకు అంతదూరం వెళ్లే అవసరం పడలేదు. కానీ దారి ఉందని తెలిశాక రాత్రి నిద్ర పట్టింది.

క్లెయిమ్ మళ్లీ తెరిచారు. ప్రశ్నలొచ్చాయి. సీరం బయటి షాపులో కొన్నాం కదా, బాబు పేరుతో డాక్టరు రాసిన చీటీ ఏది? బిల్లు మీద బ్యాచ్ నంబరు ఉందా? కరిచిన తేదీ, గాయం వివరం, బరువు డాక్టరు రాశారా? నర్సు అంటించిన స్టిక్కర్లు అప్పుడు పనికొచ్చాయి. సీసాల అట్టపెట్టెలు మా ఆయన పారేయకుండా ఉంచారు. కార్డు ఒరిజినల్ అడిగారు. డాక్టరు సంతకం చేసిన నకలు మాత్రమే ఇచ్చాం. బాబును రేపు మళ్లీ ఏ కుక్కైనా కరిస్తే, ఈ ఐదు డోసులూ పడ్డాయని చూపించగలిగితే రెండు డోసులు చాలు, సీరం అక్కర్లేదు. ఆ రుజువు ఇంట్లోనే ఉండాలి.

ఇరవై ఎనిమిదో రోజు డోసుకు బాబు చొక్కా చెయ్యి తనే పైకి మడిచాడు. ఆఖరి బిల్లు మర్నాడే పంపాం.

మొత్తం ఖర్చు 15,000కు కాస్త తక్కువ. పరిమితి ప్రకారం 10,000 నా అకౌంట్‌లో పడ్డాయి. అదే రోజు తమ్ముడికి పంపేశాను. మా ఖర్చులో సగం పైన సీరానిదే. బాబుకు 22 కిలోలు కాబట్టి రెండు సీసాలతో పోయింది. అరవై కిలోల మనిషికి 1,200 యూనిట్లు కావాలి, పదివేలు ఏ మూలకూ రావు. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిలో ఈ టీకా ఉచితంగా వేస్తారు. చేతిలో డబ్బు లేదని డోసు వాయిదా వేసుకోవద్దని ఆఫీసులో అడిగిన ప్రతి ఒక్కరికీ ఇది చెబుతున్నాను.

మా పాలసీ రెన్యూవల్ ఏప్రిల్‌లో. కాటు పరిమితి పెంచమని, బుక్‌లెట్‌లో ఆ రెండు వాక్యాలూ తెలుగులో వేయమని హెచ్‌ఆర్‌కు కాగితం రాసిచ్చాను. స్టోర్స్‌లో అందరూ సంతకాలు పెట్టారు. బుక్‌లెట్ సంగతి సరేనన్నారు. పరిమితి గురించి ఇంకా చెప్పలేదు.